అంచున ఎవరు?

గురువారం చేపల బండి వస్తుంది. తైసియా ఫోమినిచ్నా చేరేసరికే వరస పైన్ చెట్ల దాకా సాగిపోయింది. సంచీ చంకలో ఇరికించుకుని, ఎవరి వెనక నిలబడాలో తెలియక ఆవిడ అందరినీ కలిపి అడిగింది.

"ఆఖరున ఎవరమ్మా?"

వరసలో మాటలు ఠక్కున ఆగాయి. నీలం శాలువా కప్పుకున్న ఇల్లాలు ఎడమ భుజం మీదుగా మూడుసార్లు తూతూమంది. ఇంకొకావిడ చుట్టూ చెక్క కోసం చూసి, బండి పక్కన పడేసిన ఖాళీ పెట్టె మీద వేళ్ళతో టకటక కొట్టింది. చేపలు తూచే మనిషి కూడా తక్కెడ పట్టుకున్న చెయ్యి ఆపి ఇటు చూశాడు.

తైసియాకి చెవులు వేడెక్కాయి. మళ్ళీ అనేసింది. అదీ ఇవాళ. రేపు పొద్దున కొడుకు విమానం నడపబోతుంటే ఇవాళే ఆ మాట తన నోటనే రావాలా.

"ఇక్కడ ఆఖరువాళ్ళెవరూ ఉండరు ఫోమినిచ్నా," అన్నాడు ఒక ముసలాయన వెనక్కి తిరిగి. "అంచున నేనున్నాను. వచ్చి నా వెనక నిలబడు."

ఆయన ప్లతోన్ సావిచ్. వీళ్ళ మేడలోనే కింది అంతస్తు. వయసులో ఉండగా సైన్యంలో యుద్ధవిమానాలు నడిపాడు, తరవాత రెండుసార్లు అంతరిక్షానికి వెళ్ళొచ్చాడు. ఇప్పుడు చేతికర్ర, చెవి మిషను, పక్కవాళ్ళని ఆటపట్టించే నోరు మిగిలాయి.

"నాకు తెలియక కాదు," అంది తైసియా ఆయన వెనక చేరి. "రెండేళ్ళ నుంచీ ఇక్కడే ఉన్నానా, నాలుక మాత్రం ఇంకా మా ఊరు వోల్స్క్‌లోనే ఉంది."

"దాన్ని కూడా రప్పించు. రైలు టిక్కెట్టు నేను కొనిపెడతాను."

విమానం నడిపేవాళ్ళు ఆఖరు అన్న మాట అనరు. ఆఖరిది అంటే ఇక మరొకటి లేదని కదా. అందుకని ఏది ఆ చోటుకొచ్చినా అంచుది అంటారు. ఆ అలవాటు పైలట్ల నుంచి పెళ్ళాలకి, పెళ్ళాల నుంచి కొట్లవాళ్ళకి పాకి, వ్యోమగాములుండే ఈ జ్వోజ్ద్నీ ఊరు మొత్తం మీద మంగలి కూడా కుర్చీ దులుపుతూ "అంచున ఎవరు?" అనే అడుగుతాడు. కొడుకు గ్లెబ్ సైనిక విమాన పాఠశాలలో చేరిన ఏడు సెలవలకొచ్చి, తల్లి "ఇదే ఆఖరి అట్టు, తినెయ్ నాన్నా" అని పళ్ళెంలో వేస్తే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అంచు అట్టు అంటే తప్ప తినలేదు.

"ఏమిటో మీ చాదస్తం," అంది తైసియా. "ఏమని పిలిస్తే ఏం, నిలబడిన చోటు ఒకటేగా."

"ఒకటెలా అవుతుంది? ఆఖరువాడైతే వాడి వెనకే కొట్టు మూసేస్తారు. అంచువాడైతే వాడి వెనక ఇంకెవరో వస్తారు, వాడి ముందు ఇంకా చేప ఉంటుంది."

"ఈయన ముందు నిలబడితే ఎవరికీ చేప ఉండదు," అంది నీలం శాలువా ఇల్లాలు. "పోయిన వారం బండి సగం కొనుక్కుపోయాడు."

"అంతరిక్షంలో గొట్టంలోంచి పిండుకు తిన్నానమ్మా. ఆ కరువు ఇంకా తీరలేదు."

అందరూ నవ్వారు. తైసియా కూడా నవ్వింది కానీ, ఇంటికి వెళ్ళేదాకా శాలువా కింద చెయ్యి దాచుకుని శిలువ గుర్తు వేసుకుంటూనే ఉంది.

*

శుక్రవారం పొద్దున్నుంచీ పెల్మేనీలు. గ్లెబ్ ఎగిరే రోజు ఆవిడ వేరే వంట పెట్టుకోదు. చేతులు ఖాళీ అయితే తల పని మొదలుపెడుతుంది. తల పని మొదలుపెడితే అడవిలో పొగ కనిపిస్తుంది, గుమ్మంలో టోపీలు తీసి నిలబడ్డ ఆఫీసర్లు కనిపిస్తారు. పెల్మేనీలైతే చేతికి తీరిక ఉండదు. పిండి పల్చగా ఒత్తాలి, గాజు గ్లాసు మూతితో గుండ్రాలు కొయ్యాలి, ఒక్కొక్క దాని మధ్యలో ఉల్లిపాయ కలిపిన మాంసం ముద్ద పెట్టాలి, సగానికి మడిచి కజ్జికాయకి నొక్కినట్టు చుట్టూ నొక్కాలి, రెండు కొసలూ దగ్గరకి తెచ్చి చెవి ఆకారంలో అతకాలి. పిండి చల్లిన పలక మీద చెవులు వరసగా కూర్చుంటాయి, పైన ఏం వినిపిస్తుందా అన్నట్టు.

అడవికి అవతల విమానాల మైదానం ఉంది. వ్యోమగాములైనా సరే, పైలట్లుగా వచ్చినవాళ్ళు చెయ్యి మరిచిపోకూడదని అక్కడ శిక్షణ జెట్లు ఎగరేస్తారు. ఆ మోత మొదలవగానే తైసియా తల ఇంకా కిందికి వంచుతుంది. తలెత్తి ఎప్పుడూ చూడదు. తల్లి కళ్ళే ముందు తగులుతాయని ఆవిడ భయం.

వంటింటి మూలన వేడినీళ్ళ గొట్టం పై అంతస్తు నుంచి కిందికి పోతుంది. అది టంగుమంది. ఒక్క దెబ్బ. గ్లెబ్ విమానం లేచిందని.

ఈ ఏర్పాటు ప్లతోన్ సావిచ్‌ది. కొడుకు ఎగిరే రోజు తైసియా ఫోన్ ఎత్తదు, చెడ్డ కబురు వచ్చేది ఫోన్లోనే కనక. దిగానని చెప్పడానికి గ్లెబ్ ఎంతసేపు మోగించినా అది మోగుతూనే ఉండేది, ఆ మోతకి ఆవిడ బెంగ ఇంకా పెరిగేది. అది కనిపెట్టి ముసలాయన బాల్కనీలో కుర్చీ వేసుకున్నాడు. విమానం లేస్తే చేతికర్రతో గొట్టం మీద ఒకటి కొడతాడు. దిగాక గ్లెబ్ ఆయనకి ఫోన్ చేస్తాడు, అప్పుడు రెండు. అన్నిటిలో వీడి విమానం ఏదో ఎలా పోల్చుకుంటావని తైసియా ఒకసారి అడిగింది. "చీకట్లో మొగుడి అడుగులు గుర్తుపట్టేదానివి కాదా నువ్వు?" అన్నాడాయన.

పలకలన్నీ నిండాయి. ఒక్క గుండ్రం మిగిల్చింది. అది ఎప్పటి అలవాటే. మధ్యలో మాంసం పెట్టి, మడవకుండా, తడిగుడ్డ కప్పి ఉంచుతుంది. గ్లెబ్ వచ్చి, చేతులు కడుక్కుని, దాన్ని మడిచి నొక్కాక గానీ నీళ్ళు పొయ్యెక్కవు. ఏదో ఒకరోజు వాడు ఆ పని చెయ్యకపోతే ఏమిటన్నది ఆవిడ అనుకోదు. అనుకుంటే జరుగుతుందేమోనని.

టంగ్. టంగ్.

తైసియా బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. అప్పటికి గానీ ఆకలేస్తోందని తెలియలేదు.

గ్లెబ్ వచ్చేసరికి కోడలు రిమ్మ కూడా ఆసుపత్రి నుంచి వచ్చింది. అక్కడ నర్సు. గ్లెబ్ చెంపల మీద ఆక్సిజన్ మాస్కు ఒత్తిన గీతలు ఇంకా ఎర్రగా ఉన్నాయి. కోటు తగిలించాడు, చేతులు కడుక్కున్నాడు, బల్ల దగ్గర కూర్చున్నాడు. తడిగుడ్డ వంక చూడలేదు.

"అమ్మా, సంతోషించు. ఇవాళ ఆఖరిసారి ఎగిరాను."

రిమ్మ చేతిలో పళ్ళెం బల్లకి తగిలి చప్పుడైంది.

"ఏ సారి?" అంది.

"విన్నావుగా. అంతరిక్షానికి మళ్ళీ నేను బదులు మనిషినే. పొద్దున చెప్పారు."

"మూడోసారా?"

"మూడోసారే. మొదటిసారి నా సీటు అతిథికిచ్చారు. రెండోసారి ఇంజనీర్ల తరపు మనిషికి. ఇప్పుడు కుర్రాడికి. జెట్ దింపడం వాడికి నేను నేర్పాను." గ్లెబ్ నవ్వాడు. నవ్వు బాగానే ఉంది, కళ్ళు మాత్రం ఉప్పు డబ్బా మీద ఉన్నాయి. "రాకెట్ నిచ్చెన దాకా వెళ్ళడం, చెయ్యి ఊపడం, ఇంటికి రావడం. ఎప్పుడూ తోడు పెళ్ళికొడుకునే. సోమవారం వీపు అచ్చుకి రమ్మన్నారు. అక్కడికి వెళ్ళను. నేరుగా మా ఆఫీసు పెద్దాయన గదికి వెళ్ళి ఇక చాలని చెప్పేస్తాను. శిక్షకుడి ఉద్యోగం ఖాళీగా ఉంది. కుర్చీ, టీ, సాయంత్రానికి ఇల్లు."

వీపు అచ్చు వెళ్ళేవాడికీ తీస్తారు, వాడికేమైనా అయితే బదులు వెళ్ళేవాడికీ తీస్తారు. లోపలి బట్టలతో తొట్టెలో పడుకోబెట్టి చుట్టూ ప్లాస్టర్ పోస్తారు. గట్టిపడ్డాక ఆ ఆకారానికే అంతరిక్షనౌకలో సీటు తయారవుతుంది. ఇంకొకరి వీపు అందులో ఇమడదు. గ్లెబ్ రెండుసార్లు పడుకున్నాడు. రెండుసార్లూ చెవి వెనక ప్లాస్టర్ అట్టకట్టి ఇంటికొస్తే రిమ్మ దువ్వెన పళ్ళతో గీకి తీసింది. ఆ సీట్లు రెండూ ఏదో గిడ్డంగిలో ఖాళీగా ఉన్నాయి.

"నీ గురించే అనుకున్నానమ్మా," అన్నాడు గ్లెబ్. "ఇన్నేళ్ళూ భయపడింది చాలు. ఇక హాయిగా ఉండు."

పాతికేళ్ళుగా దేవుణ్ణి తైసియా అడిగిందల్లా ఈ వాక్యమే. వాడి నోటనే వినిపించాడు దేవుడు. ఆవిడ చేతులకంటిన పిండి పరపరా రుద్దుకుంది.

"మంచిది నాన్నా," అంది.

"నీళ్ళు పెట్టు మరి, ఆకలేస్తోంది."

పెట్టింది. చెవులన్నీ మరిగే నీళ్ళలోకి దూకి, మునిగి, తేలాయి. తడిగుడ్డ కింద గుండ్రం మాత్రం నోరు తెరుచుకుని అలాగే ఉంది. తను మూసేద్దామని ఆవిడ వేలు పెట్టి మళ్ళీ తీసేసింది. చిన్న పలకతో సహా దాన్ని మంచుపెట్టెలో పెట్టింది.

*

శనివారం పొద్దున రిమ్మ అత్తగారి చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూసింది. మిషన్ని తట్టి మళ్ళీ చూసింది.

"అత్తయ్యా, పెళ్ళి కావలసిన పిల్లకి ఉండాలి ఇది."

"మిషను పాడైందేమో."

"మిషను బాగానే ఉంది."

"అయితే నేనే పాడయ్యాను," అంది తైసియా. "చేతులు వేళ్ళాడిపోతున్నాయే. నిద్ర కూడా బాగా పట్టింది, ఏమిటో."

నిజంగానే ఆవిడకి ఏమీ తోచడం లేదు. గోధుమరవ్వ జావ చేసింది, ఉప్పు మరిచిపోయింది. అంత హాయిగా ఉంటే ఇక ఎవరికైనా ఏదో అవుతుందని ఇంట్లో ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసి ఉందో లేదో మాటిమాటికీ చూసొచ్చింది.

గ్లెబ్‌కి మాత్రం ఆ మాట అలవాటైపోయింది. బడిలో కొత్త తిట్టు నేర్చుకొచ్చిన పిల్లాడిలా చోటు దొరికితే చాలు అంటున్నాడు. జామ్ సీసా అడుగు గీకుతూ ఆఖరి చెంచా అన్నాడు. బంగాళాదుంపలు వొలుస్తూ ఆఖరి దుంప అన్నాడు. బూట్ల పాలిష్ డబ్బాలో ఆఖరి మరక అన్నాడు. అన్న ప్రతిసారీ రిమ్మ భుజాలు బిగుసుకునేవి.

"అంచు దుంప," అంది తైసియా.

"ఏమిటమ్మా?"

"ఏం లేదు. అంచు దుంప అన్నాను. దానికి కన్ను ఉంది చూడు, తీసెయ్."

ఆదివారం మధ్యాహ్నం వాడు బాల్కనీ తలుపు బందు బిగిస్తున్నాడు. తైసియా బట్టలు ఆరేస్తోంది. మైదానం వైపు నుంచి మోత లేచింది. కింద ఇసుకలో ఆడుకుంటున్న పిల్లలు తలలెత్తారు. రొట్టెల కొట్టు ముందు ఆడవాళ్ళు మాట మధ్యలో ఆపి తలలెత్తారు. ఈ ఊళ్ళో ఎవరికైనా అది కనురెప్ప వాల్చినంత మామూలు. గ్లెబ్ విందుల్లో కూడా గ్లాసు చేతిలో పట్టుకుని కిటికీలోకి చూసే మనిషి, ఎగిరేవాడు ఎవరో, మలుపు ఎలా తీశాడో చెప్పే మనిషి. ఇప్పుడు మరమేకు మీదే చూపు నిలిపి తిప్పుతున్నాడు. అది బిగిసి చాలాసేపయింది. అయినా తిప్పుతున్నాడు.

ఎవరో ఒకరు చూడాలనిపించి తైసియా తలెత్తింది.

నీలంలో సూది మొనంత వెలుగు. వంగి తిరిగింది, ఒక్క క్షణం వెండిలా మెరిసి మళ్ళీ సన్నపడింది. ఇంతేనా, అనుకుంది ఆవిడ. ఇన్నేళ్ళూ తన కళ్ళలో అది ఇల్లంత ఉండేది, నల్లగా, మంటలు కక్కుతూ. ఇంత చిన్నదా. ఇంత ముద్దుగా తిరుగుతుందా.

ఒక తడి చొక్కా చేతిలోంచి జారి కింది అంతస్తు బాల్కనీలో పడింది.

"ఫోమినిచ్నా," అని కింద నుంచి కేక. "చొక్కా ఇచ్చావు, సంతోషం. పెల్మేనీలు కూడా వెయ్యి."

*

గిన్నెలో పెల్మేనీలు, పైన మీగడ వేసుకుని తైసియా కిందికి దిగింది. ప్లతోన్ సావిచ్ చొక్కా తన తాడు మీద ఆరేసి ఉంచాడు. ఆయన తినడం మొదలుపెట్టాక ఆవిడ గుమ్మం పక్క పీట మీద కూర్చుని జరిగిందంతా చెప్పింది.

"నీకు కావలసింది అదేగా," అన్నాడు ముసలాయన.

"అదే."

"మరి ముఖం అలా పెట్టావేం?"

"వాడు తలెత్తలేదు సావిచ్. పైన విమానం పోతుంటే మరమేకు చూస్తూ కూర్చున్నాడు."

ఆయన నమలడం ఆపాడు. గడ్డానికంటిన మీగడ తుడుచుకున్నాడు.

"ఆ మాట నేనూ ఒకసారి అన్నాను," అన్నాడు. "డాక్టర్లు నా గుండె విని ఇక వద్దన్న రోజున. విమానం దిగి, రెక్క మీద చెయ్యి వేసి, మెకానిక్కులందరూ వినేట్టు ఇదే ఆఖరిది అన్నాను. ఎగరడం అయిపోయినవాడు దాన్ని ఒక్కసారే అంటాడు. తరవాత ఇంటికొచ్చి పడుకుంటాడు. మీవాడికి అయిపోలేదు. అలిగాడు."

"అలిగాడని ఎలా చెబుతావు?"

"అయిపోయినవాడు బంగాళాదుంప మీద ఆ మాట వాడడు."

తైసియా ఏప్రన్‌కి అంటిన పిండి గోటితో గీకింది.

"నువ్వు చెప్పు వాడికి. నీ మాట వింటాడు."

"నేను చెబితే ముసలి పైలట్ ముచ్చట్లు అంటాడు. నువ్వు చెబితే ఆలోచిస్తాడు."

"నేనా? మళ్ళీ ఆకాశంలోకి పోరా అని, నా నోటితోనా?"

"చెప్పకు మరి. నాకేం. రక్తపోటు కూడా బాగుందటగా, రిమ్మ చెప్పింది." ఆయన గిన్నె వంచి మీగడ రొట్టెముక్కతో అద్దుకున్నాడు. "హాయిగా ఉండు. ఇస్త్రీపెట్టె చూసుకో."

ఆ సంగతి కూడా రిమ్మ చెప్పేసిందన్నమాట. తైసియా ఖాళీ గిన్నె లాక్కుని మెట్లెక్కింది. చొక్కా మరిచిపోయింది.

*

సోమవారం పొద్దున గ్లెబ్ యూనిఫాం వేసుకున్నాడు. గుమ్మం దగ్గర టోపీ అందుకోబోతుంటే తల్లి అంది.

"కూర్చో."

"పక్క వీధికేగా అమ్మా. ప్రయాణమా ఏమన్నానా."

"కూర్చో అన్నానా."

దూరం వెళ్ళే ముందు ఇంటిల్లిపాదీ ఒక్క నిమిషం మాట్లాడకుండా కూర్చోవడం ఆనవాయితీ. రిమ్మ బూట్లు వేసుకునే బల్ల మీద కూర్చుంది. గ్లెబ్ మోకాళ్ళ మీద టోపీ పెట్టుకుని పీట మీద కూర్చున్నాడు. తైసియా నిలబడే ఉంది. ఆ నిమిషంలో మాట్లాడకూడదని ఆవిడకీ తెలుసు.

"నా కోసమే అన్నావు శుక్రవారం," అంది.

"నీ కోసమేగా."

"కోపం వాళ్ళ మీద, నెపం నా మీద. నా మీద పెట్టకు. నేను మొయ్యలేను."

"అమ్మా, నువ్వు రోజూ భయపడి భయపడి…"

"భయపడటం నాకొచ్చిన పని. ఇన్నేళ్ళుగా చేస్తున్నాను, ఒక్కరోజు ఎగ్గొట్టలేదు. నిన్ను మానిపించమని ఎప్పుడైనా అడిగానా?"

"అడిగావు," అన్నాడు గ్లెబ్. "ప్రతి పండక్కీ, ప్రతి పుట్టినరోజుకీ, మొన్న పళ్ళు తోముకుంటుంటే కూడా."

రిమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అడిగితే అడిగాను," అంది తైసియా. "నువ్వు విన్నావా? వినకూడదు కూడా. నువ్వు కుర్చీలో కూర్చుంటే నేను భయపడననుకున్నావా? కుర్చీ విరుగుతుందని భయపడతాను. టీ పొలమారుతుందని భయపడతాను. కూర్చుని కూర్చుని గుండెకి కొవ్వు పడుతుందని భయపడతాను. వాటికన్నా ఇదే నయం. దీనికి కనీసం చప్పుడుంది, ఎప్పుడు మొదలైందో ఎప్పుడు ఆగిందో తెలుస్తుంది."

గ్లెబ్ టోపీ అంచు పట్టుకుని గుండ్రంగా తిప్పుతున్నాడు. బాల్కనీలో మరమేకుని తిప్పినట్టే.

"అన్యాయం చేశారమ్మా," అన్నాడు. అది నవ్వకుండా అన్నాడు. మూడు రోజుల్లో నవ్వకుండా అన్న మాట అదొక్కటే.

"చేశారు. నీ ముందు ముగ్గుర్ని దూర్చారు. చేపల బండి దగ్గర నన్నలా చేస్తే బండి కదలనిచ్చేదాన్ని కాదు. వెళ్ళి గొడవపెట్టుకో, అరిచెయ్, టోపీ నేలకి కొట్టు. వరస మాత్రం వదలకు. వదిలితే నీ చోటు వాళ్ళకి ఇచ్చింది నువ్వే అవుతావు." ఊపిరి అందక ఆగింది. "నువ్వు ఆఖరున లేవురా. అంచున ఉన్నావు."

మాట ఈసారి తడబడలేదు. తనకే ఆశ్చర్యం వేసి ఆవిడ గబగబా వంటింట్లోకి వెళ్ళింది. మంచుపెట్టె తెరిచి చిన్న పలక తీసుకొచ్చి కొడుకు ముందు పట్టుకుంది. గుండ్రం రాయిలా గడ్డకట్టి ఉంది, మధ్యలో మాంసం ముద్ద మీద మంచుపొర.

"ఇది ముయ్యకుండా వదిలేశావు శుక్రవారం."

గ్లెబ్ మంచుపొర మీద వేలు ఆనించి తీసేశాడు.

"నువ్వే మూసెయ్యమ్మా."

"నేను మూయను. వచ్చి ముయ్యి. ఎక్కడికెళ్ళొస్తావో నీ ఇష్టం."

వాడు లేచాడు. టోపీ పెట్టుకున్నాడు. తల్లి నెత్తి మీద గడ్డం ఆనించి, తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. బూట్ల చప్పుడు మెట్లు దిగి, కింద ప్లతోన్ సావిచ్ గుమ్మం ముందు ఒక క్షణం ఆగి, మళ్ళీ సాగింది.

చప్పుడు వినిపించడం మానేశాక తైసియా పలకని బల్ల మీద పెట్టేసి కోడలి వైపు తిరిగింది.

"ఏం చేశానే రిమ్మా. ఒళ్ళు తెలిసే అన్నానా? కాళ్ళ దగ్గరకొచ్చిన అదృష్టాన్ని తన్నేశాను. పరిగెత్తి పిలువు, జలుబు చేసిందని చెప్పు, ఏదో ఒకటి చెప్పు."

"నేను బూట్లు వేసుకోలేదత్తయ్యా," అంది రిమ్మ. ఆమె బూట్లు వేసుకునే ఉంది.

*

పగలంతా ఫోన్ రాలేదు. వస్తే ఎత్తేది కాదు, అది వేరే సంగతి. గొట్టం కూడా పలకలేదు, ఇవాళ ఎగరడం లేదు కనక. తైసియా కిటికీలు తుడిచింది. కిందికి వెళ్ళి చొక్కా తెచ్చుకుంది. ప్లతోన్ సావిచ్ తలుపు తీసి, చొక్కా ఇచ్చి, ఆవిడ ముఖం చూసి, మొదటిసారి ఏ మాటా అనకుండా తలుపు వేసుకున్నాడు.

సాయంత్రం రిమ్మ వచ్చిన కాసేపటికి గ్లెబ్ వచ్చాడు. కోటు తగిలించాడు. కుళాయి దగ్గర నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది. తరవాత బల్ల దగ్గర కూర్చుని అరచెయ్యి చాపాడు.

"ఏదీ?"

తైసియా పలక ముందు పెట్టింది. మంచు కరిగి పిండి మెత్తబడింది, అంచులు సాగిపోయాయి. గ్లెబ్ దాన్ని ఎత్తి సగానికి మడిచాడు. ఒకచోట చిరిగింది. బొటనవేలు తడిచేసుకుని అతికించి, చుట్టూ నొక్కాడు, కొసలు కలిపాడు. వంకరగా వచ్చింది, దెబ్బలాటలో నలిగిన చెవిలా. నాలుక బయటపెట్టి చేశాడా పని, చిన్నప్పటిలాగే.

పెద్దాయన గదికి వెళ్ళాడా, ఏమన్నాడు, వాళ్ళేమన్నారు, ఎవరూ అడగలేదు. రిమ్మ రొట్టె కోసింది. నీళ్ళు మరిగాయి. తైసియా మీగడ గిన్నె పెట్టడానికి కొడుకు వెనక నుంచి వంగింది.

వాడి కుడి చెవి వెనక తెల్లగా ఏదో ఉంది. తన చేతి పిండి అంటిందేమో అనుకుని బొటనవేలితో తుడిచింది. పోలేదు. గోటితో గీకింది. గట్టిగా, గరుకుగా, వెంట్రుకలు పట్టుకుని అట్టకట్టి ఉంది. పిండి అలా ఉండదు.

ఆవిడ వేలు అక్కడే ఉండిపోయింది. గ్లెబ్ మెడ తిప్పలేదు.

రిమ్మ రొట్టె మీద కత్తి ఆపి చూసింది. లేచి వెళ్ళి చేతిసంచీలోంచి దువ్వెన తెచ్చి బల్ల మీద, ఉప్పు డబ్బా పక్కన పెట్టింది. మళ్ళీ రొట్టె కొయ్యసాగింది.

తైసియా గుండె దడదడ మొదలుపెట్టింది. చెవుల్లో హోరు, అరచేతుల్లో చెమట, అడవి మీద పొగ, గుమ్మంలో ఆఫీసర్లు, అన్నీ తమ తమ చోట్లకి తిరిగొచ్చాయి. ఆవిడ వాటిని ఇంటికొచ్చిన చుట్టాల్ని చూసినట్టు చూసుకుంది.

"మిషను తీసుకురానా అత్తయ్యా?" అంది రిమ్మ.

"అక్కర్లేదు. ఎంతుంటుందో నాకు తెలుసు."

తెడ్డు పట్టుకుని మూలకి వెళ్ళింది. ఇప్పటిదాకా కింద నుంచి వచ్చిన చప్పుడు వినడమే తప్ప ఆవిడ ఆ గొట్టాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు. వేడిగా ఉంది. తెడ్డు ఎత్తి ఒక్కటి కొట్టింది.

టంగ్.

ముసలాయన చెవి మిషను పెట్టుకున్నాడో లేదో అనుకుంటుండగా చేతికర్ర జవాబు వచ్చింది. ఒకటి కాదు, రెండు కాదు, ఆగకుండా, గొట్టం ఊడిపడేట్టు.

"ఒక దెబ్బేమిటమ్మా," అన్నాడు గ్లెబ్ నోటినిండా పెట్టుకుని. "ఇంట్లోనే ఉన్నానుగా, రెండు కొట్టాలి."

"నాకు తెలుసులే," అంది తైసియా. మిగిలిన పిండి ముద్ద ముందుకి లాక్కుని గ్లాసు మూతి ఆనించి నొక్కింది. "నువ్వు తిను. అంచుది నీ పళ్ళెంలోనే ఉంది."